సుస్తు వేరు, సుస్తీ వేరు

మా ఇంట్లో రెండు భాషలు. అమ్మది హిందూపురం, నాన్నది తుమకూరు. వంటింట్లో తెలుగు, టీవీ ముందు కన్నడ, గొడవపడేటప్పుడు రెండూ. ఈ రెండు భాషల్లోనూ ఒక చిన్న మాట ఉంది. తెలుగులో 'సుస్తీ చేసింది' అంటే జబ్బు చేసింది అని. కన్నడలో 'సుస్తు' అంటే అలసట. మూడంతస్తులు ఎక్కి క్లాసుకి వచ్చినా సుస్తే, బస్సులో నిలబడి వచ్చినా సుస్తే. శివాజీనగర్ నుంచి వచ్చే మా క్లాస్‌మేట్‌ని అడిగితే, వాళ్ళింట్లో మాట్లాడే ఉర్దూలో 'సుస్త్' అంటే బద్ధకపు మనిషి అంది. మాట ఒకటే. ఒక ఇంట్లో అది రోగం, ఇంకో ఇంట్లో అలసట, మూడో ఇంట్లో సోమరితనం.

భాషాశాస్త్రం మేడమ్ క్లాసుకి పోటీగా ఇది రాయడం లేదు. ఎనిమిది నెలలుగా నేను ఈ మూడు అర్థాల మధ్యే తిరుగుతున్నాను కాబట్టి రాస్తున్నాను. నాకున్నది సుస్తీ అని నాకు తెలుస్తూ ఉంటుంది. సుస్తు అని చీటీలో రాస్తారు. మిగిలిన మూడో అర్థం చుట్టాలు తీసుకుంటారు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: రోగానికి పేరు వచ్చేదాకా రోగి మాట నమ్మకపోవడం మనందరికీ ఉన్న అలవాటు. అది మంచి అలవాటు కాదు. ఆడపిల్లల కాలేజీలో అసలే కాదు.

నాకేముందో దాచకుండా చెప్తాను. పొద్దున లేచేసరికి వేళ్ళు బిగుసుకుపోయి ఉంటాయి. గంటసేపు పిడికిలి పట్టదు, జడ వేసుకోలేను, పెన్ను పట్టుకోలేను. పది దాటాక నెమ్మదిగా వదులవుతాయి. ఎండలో నడిస్తే బుగ్గలు ఎర్రగా కంది, రెండు రోజులు అలాగే ఉంటాయి. నెలకోసారి నోటిపూత. సాయంత్రమైతే ఒళ్ళు వెచ్చబడుతుంది, థర్మామీటరు పెడితే 99 చూపిస్తుంది, అంతకు మించదు. జుట్టు ఊడుతోంది. ఇవన్నీ ఒకేసారి రావు. ఒకటి తగ్గాక ఇంకొకటి వస్తుంది. డాక్టరు దగ్గరికి వెళ్ళిన రోజు మాత్రం ఒక్కటీ కనబడదు. చూపించడానికి నాకు ఒక కట్టూ లేదు, ఒక కుట్టూ లేదు.

మొదట ఇంటి దగ్గర క్లినిక్కుకి వెళ్ళాం. అమ్మ సగం తెలుగు, సగం కన్నడ కలిపి 'పాపకి శానా సుస్తీగా ఉంది సార్' అంది. ఆయనకి వినిపించింది సుస్తు. 'కాలేజు హుడుగియరిగె సుస్తు కామన్ అమ్మా' అని నవ్వి, ఐరన్ మాత్రలు, బీ కాంప్లెక్సు రాశారు. ఆయన్ని తిట్టడానికి ఇది చెప్పడం లేదు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. ఎదురుగా కూర్చున్న అమ్మాయి అలసటగా ఉందంటే ఏ డాక్టరైనా ముందు రక్తం తక్కువేమో అనుకుంటారు. చాలాసార్లు అదే నిజం కూడా. చిక్కంతా ఆ మాత్రలతో తగ్గనప్పుడు మొదలవుతుంది. 'మాత్రలు సరిగ్గా వేసుకోలేదేమో', 'రాత్రంతా ఫోను చూస్తుందేమో', 'పరీక్షల భయమేమో' అని వరసగా అన్నీ అంటారు. జబ్బు వేరేదేమో అన్న మాట అందరికంటే ఆఖర్న వస్తుంది.

మూడో డాక్టరు దగ్గర ఆ మాట వచ్చింది. ఆటో ఇమ్యూన్ అయి ఉండొచ్చు, కాకపోవచ్చు కూడా అన్నారు ఆవిడ. అంటే ఏమిటో అజ్జికి చెప్పాల్సి వచ్చినప్పుడు నాకు వైద్యం పుస్తకం కంటే సామెతే ఎక్కువ పనికొచ్చింది. ఒంట్లోకి వచ్చే క్రిములతో పోరాడటానికి మనకి ఒక కాపలా వ్యవస్థ ఉంటుంది. ఆ కాపలా దారి తప్పి సొంత కీళ్ళ మీదో, చర్మం మీదో, కండరాల మీదో, మూత్రపిండాల మీదో పడుతుంది. కంచే చేను మేయడం అంటాం కదా, అది. కన్నడలోనూ 'బేలియే ఎద్దు హొల మేయ్దంతె' అంటారు. అజ్జికి వెంటనే అర్థమైంది. 'ఎద్దుని తోలొచ్చు, కంచెని ఎట్లా తోలేది' అని అడిగింది. డాక్టర్లు తలలు పట్టుకునే ప్రశ్న కూడా అదే. ఆ వ్యవస్థని పూర్తిగా అణిచేస్తే బయటి క్రిములకి తలుపు తీసినట్టే. అందుకే ఈ మందులు అంత జాగ్రత్తగా వాడతారు, ఎవరో చెప్పారని మందుల షాపులో స్టెరాయిడ్లు కొని మింగకూడదు అంటారు.

ఇలాంటి జబ్బులు ఎనభైకి పైగా ఉన్నాయి. లూపస్, రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్ళవాతం, థైరాయిడ్‌ని దెబ్బతీసే హషిమోటో, కళ్ళు నోరు ఎండిపోయే షోగ్రెన్, కండరాల మీద పడే మయోసైటిస్ వాటిలో కొన్ని. ఆటో ఇమ్యూన్ జబ్బులన్నీ కలిపి చూస్తే పదిమంది రోగుల్లో సుమారు ఎనిమిది మంది ఆడవాళ్ళే. లూపస్‌లో అయితే పదికి తొమ్మిది మంది. అది ఎక్కువగా బయటపడేది 15 నుంచి 45 ఏళ్ళ లోపు. అంటే ఈ గోడపత్రిక చదువుతూ నిలబడ్డ వయసు వాళ్ళలోనే. వందలమంది అమ్మాయిలున్న కాలేజీలో ఇలాంటి మనిషిని నేనొక్కదాన్నే అయి ఉండను.

మరి పరీక్ష చేయించుకుంటే తేలిపోదా అని అందరూ అడుగుతారు. తేలదు. ఏఎన్ఏ అని ఒక రక్తపరీక్ష ఉంది. ఒంటి సొంత కణాల మీదికి వెళ్ళే యాంటీబాడీలు ఉన్నాయా అని అందులో చూస్తారు. నాకు 1:80 దగ్గర పాజిటివ్ వచ్చింది. రక్తాన్ని ఎనభై వంతులకి పలచన చేసినా ఆ యాంటీబాడీలు కనబడ్డాయి అని దానర్థం. ఆ కాగితం చూసి అమ్మ ఏడ్చింది. కానీ ఏ జబ్బూ లేనివాళ్ళలో కూడా నూటికి పదిమందికి పైగా ఆ స్థాయిలో పాజిటివ్ వస్తుందని తర్వాత డాక్టరు గారు చెప్పారు. లూపస్ ఉన్నవాళ్ళలో దాదాపు అందరికీ పాజిటివ్ వస్తుంది, పాజిటివ్ వచ్చినవాళ్ళందరికీ లూపస్ ఉండదు. అందుకే ఒక్క కాగితంతో పేరు పెట్టరు. మిగతా యాంటీబాడీలు చూస్తారు, మూత్రంలో ప్రోటీన్ పోతోందా చూస్తారు, కీళ్ళు నొక్కి చూస్తారు, కొన్ని నెలలు ఆగి మళ్ళీ చూస్తారు. తొందరపడి పేరు పెట్టడం కూడా ప్రమాదమే కదా. ఆ ఆగడంలో నాకు న్యాయం కనిపిస్తుంది. ఆగే కాలంలో మాతో మిగతావాళ్ళు ఉండే తీరులోనే కనిపించదు.

సమంత సంగతి మీ అందరికీ తెలుసు. 2022 అక్టోబరు చివర్లో తనకి మయోసైటిస్ అని ఆవిడ ఇన్‌స్టాగ్రామ్‌లో చెప్పింది. చేతికి సెలైన్ పెట్టుకుని మైకు ముందు కూర్చున్న ఫొటో ఒకటి పెట్టింది. 'యశోద' సినిమాకి డబ్బింగు చెప్తున్నప్పటిది అది. ఆ పేరు అంతకుముందు మనలో ఎంతమంది విన్నాం? ఒక్క రోజులో ఊరంతా అయ్యో పాపం అంది. కానీ ఆవిడ చెప్పిన ప్రకారమే ఆ జబ్బు తేలింది అంతకు కొన్ని నెలల ముందు. తేలకముందు ఇంకెన్నాళ్ళుందో. ఆ నొప్పి అక్టోబరులో పుట్టలేదు, మన జాలి మాత్రం అక్టోబరులో పుట్టింది. పోనీ పేరు తెలిశాక అయినా మర్యాదగా ఉన్నామా? 2023 జనవరిలో 'శాకుంతలం' ట్రైలర్ కార్యక్రమానికి వస్తే ముఖంలో కళ పోయిందని ఎవరో సోషల్ మీడియాలో రాశారు. దానికి ఆవిడే జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. అంత పేరున్న మనిషికే అలా ఉంటే, బస్సులో రోజూ వచ్చే మాలాంటి వాళ్ళ సంగతి చెప్పేదేముంది? ఇంకో మాట కూడా చెప్పాలి. 2024లో ఆవిడ చెప్పిన ఒక ఇంటి వైద్యాన్ని డాక్టర్లు బహిరంగంగా తప్పుపట్టారు. ధైర్యం ఆవిడ దగ్గర నేర్చుకుందాం. మందు డాక్టరునే అడుగుదాం.

అదే 2024 ఫిబ్రవరిలో 'దంగల్' సినిమాలో చిన్న బబితగా నటించిన సుహానీ భట్నాగర్ చనిపోయింది. ఢిల్లీ ఎయిమ్స్‌లో. డెర్మటోమయోసైటిస్. వయసు 19, నా వయసే. చేతిలో వాపుతో రెండు నెలల ముందు మొదలైందని, జబ్బు పేరు తెలిసింది ఆఖరి పది రోజుల్లోనేనని వాళ్ళ నాన్నగారు చెప్పినట్టు పత్రికల్లో వచ్చింది. ఇది మిమ్మల్ని భయపెట్టడానికి రాయలేదు. ఇలాంటి జబ్బులు చాలామందిలో అంత వేగంగా ముదరవు, మందులతో ఉద్యోగాలు, పిల్లలు, ప్రయాణాలు అన్నీ చేసుకుంటూ ఉన్నవాళ్ళు ఎంతోమంది. కానీ 'చూద్దాంలే, అదే తగ్గిపోతుంది' అనేముందు ఆ అమ్మాయి ఒక్కసారి గుర్తు రావాలి. ముఖం, కాళ్ళు వాచినా, మూత్రం నురగ కట్టినా, ఊపిరి ఆడకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా, కూర్చున్నచోటి నుంచి లేవలేకపోయినా వచ్చే నెల అపాయింట్‌మెంట్ దాకా ఆగకూడదని నాకు చెప్పారు. మీకూ చెప్తున్నాను.

పేరు లేకపోవడం వల్ల రోజూ ఏం జరుగుతుందో ఇప్పుడు చెప్తాను. 2023 జూన్‌లో శక్తి పథకం వచ్చినప్పటి నుంచి బస్సులో మనకి టికెట్ డబ్బులు లేవు, సీటు కూడా లేదు. ఒకరోజు మోకాళ్ళు ఆడక, 'ఆంటీ, కొంచెం జరుగుతారా' అని అడిగితే, ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసి 'ఈ వయసులోనే ఇట్లయితే ముందు ముందు ఎట్లా' అంది. ఆవిడకి చెప్పడానికి నా దగ్గర ఒక్క పేరు ఉంటే లేచేదేమో. కాలేజీలోనూ అంతే. మెడికల్ సర్టిఫికెట్‌లో జబ్బు పేరు రాయడానికి ఒక గీత ఉంటుంది. నాది ఖాళీ. టైఫాయిడ్ అయితే పదిహేను రోజులు, కాలు విరిగితే నెల అని లెక్క చెప్పొచ్చు. సోమవారం బాగుండి, మంగళవారం లేవలేక, బుధవారం నవ్వుతూ వచ్చేదానికి ఏ లెక్క చెప్పాలి? బుధవారం నవ్వినందుకు మంగళవారం అబద్ధమైపోతుంది. నూటికి 75 హాజరు దగ్గర ఈ మంగళవారాలన్నీ కలిసి నా మీద పడతాయి.

దీనికి ఎదురుమాట నాకు తెలుసు. 'పేరు అడగకుండా నమ్మితే రేపు అందరూ ఒళ్ళు నొప్పులే అంటారు, క్లాసులో ఎవరుంటారు?' అని. న్యాయమైన ప్రశ్నే. కానీ నాటకం ఆడాలనుకున్న వాళ్ళకి ఇప్పుడున్న పద్ధతే సులువు. జ్వరం అని ఒక్క చీటీ తెచ్చిస్తే సరిపోతుంది. చిక్కుకునేది చీటీలో ఏం రాయించాలో తెలియనివాళ్ళే. రూలు మార్చడం అయ్యే పని కాదని కూడా అనుకోకండి. 2023 జనవరిలో కేరళలో కొచ్చిన్ విశ్వవిద్యాలయం నెలసరి ఇబ్బందుల కోసం అమ్మాయిలకి హాజరులో రెండు శాతం సడలించింది. ఆ వెంటనే అక్కడి ప్రభుత్వం తన కింద ఉన్న విశ్వవిద్యాలయాలన్నిటిలో 75ని అమ్మాయిలకి 73 చేసింది. విద్యార్థులు అడిగారు, అయింది. క్లాసులేమీ ఖాళీ అయిపోలేదు. మన దగ్గర ఆ రెండు శాతం కూడా అడగక్కర్లేదు. ఆసుపత్రి ఓపీ చీటీ, పరీక్షల కాగితాలు ఉంటే జబ్బు పేరు దగ్గర 'పరీక్షలు జరుగుతున్నాయి' అని రాసినా చెల్లుతుందని డిపార్టుమెంటు అంటే చాలు.

ఇంకో రకం మౌనం ఇళ్ళల్లో ఉంటుంది. నా రిపోర్టు సంగతి తెలిసి మా బంధువు ఒకావిడ అమ్మకి ఫోన్ చేసి, 'ఎవరికీ చెప్పొద్దు, రేపు సంబంధాలు చూడాలి' అంది. ఇంకా పేరే రాని జబ్బుని దాచిపెట్టమని! ఈ దాపరికం మన ఊళ్ళదే కాదు. ఇంగ్లీషు డిపార్టుమెంటు వాళ్ళకి ఫ్లానరీ ఓకానర్ తెలిసే ఉంటుంది, అమెరికన్ కథకురాలు. వాళ్ళ నాన్న లూపస్‌తో పోయారు. 1950 చివర్లో ఆమెకి కూడా జబ్బు చేస్తే అది లూపస్ అని వాళ్ళమ్మకి చెప్పారు. అమ్మ కూతురికి చెప్పలేదు. కీళ్ళవాతం అనుకుంటూనే ఉన్న ఆమెకి 1952లో ఒక స్నేహితురాలు అసలు సంగతి చెప్పింది. 39 ఏళ్ళకి చనిపోయింది, 1964లో. ఆ అమ్మది ప్రేమే, కాదనను. కానీ మన ఒంటి గురించి మనకంటే ముందు ఇంకెవరికో తెలిసి ఉండటం ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఇది రాస్తానని మా అమ్మకి చెప్తే ఒక రాత్రంతా ఏమీ అనలేదు. పొద్దున జడ వేస్తూ 'రాయి, నీ పేరు కూడా పెట్టుకో' అంది.

తెలుగు చదివేవాళ్ళం కాబట్టి మన చేతిలో ఒక సాయం ఉంది. ఆసుపత్రిలో నొప్పిని ఒకటి నుంచి పదిలోపు అంకెగా చెప్పమంటారు. ఆరో ఏడో చెప్తాం, అయిపోతుంది. మన భాషలో నొప్పికి ఎన్ని మాటలున్నాయో చూడండి. సలుపు, పోటు, తీపు, పీకుడు, గుంజుడు, మంట, తిమ్మిరి. కలుక్కుమంటుంది, జివ్వుమంటుంది, చురుక్కుమంటుంది. పన్నుకి వచ్చేది పోటు, గోరుచుట్టుకి వచ్చేది సలుపు. కాళ్ళు పీకుతాయి, నడుము పట్టేస్తుంది. ఇవి ఒకదానికి ఒకటి మారుపేర్లు కావు. పని చేస్తే పెరిగే నొప్పి ఒకటి, పొద్దున పట్టేసి కదిలిన కొద్దీ వదిలే నొప్పి ఇంకొకటి. కీళ్ళవాతం డాక్టర్లు మొట్టమొదట అడిగేది ఈ తేడానే. నేను మూడు నెలలుగా ఒక నోటుబుక్కులో తేదీ వేసి, ఏ వేలు, ఎప్పుడు పట్టింది, ఎంతసేపటికి వదిలింది, ఆరోజు ఎండలో తిరిగానా అని తెలుగులోనే రాసుకుంటున్నాను. కందిన బుగ్గల ఫొటోలు ఫోనులో ఉంచుతున్నాను. డాక్టరు ముందు ఉండేది ఐదు నిమిషాలు. మొన్న ఆ నోటుబుక్కు కన్నడలోకి మార్చి నాన్న చదివి వినిపిస్తే, ఆవిడ పెన్ను పక్కన పెట్టి విన్నారు. అంతకుముందు ఎవరూ అలా వినలేదు. ఇంట్లో అమ్మకో అవ్వకో చాన్నాళ్ళుగా ఒళ్ళు బాగాలేకపోతే మీరూ ఇలా రాసి పెట్టండి. వాళ్ళు 'ఏమో అమ్మా, ఒళ్ళంతా నొప్పులు' అంటారు. ఏ నొప్పి అని అడిగి, వాళ్ళ మాటే రాయండి.

చివరికి నాకు ఏ జబ్బూ లేదని తేలవచ్చు. అలా తేలితే అందరికంటే ముందు మా అమ్మ కొబ్బరికాయ కొడుతుంది. అయినా ఈ ఎనిమిది నెలల నొప్పి అబద్ధం అయిపోదు.

మేడమ్ వాళ్ళని అడిగేది పైన చెప్పాను, ఆ ఖాళీ గీత సంగతి. క్లాస్‌మేట్స్‌ని అడిగేది ఇంకా చిన్నది. ఎవరైనా ఒంట్లో బాగాలేదంటే 'ఏం జబ్బు' అని కాకుండా 'ఏం చేయమంటావ్' అని అడగండి. ఎవరో చెప్పిన కషాయం, మానేయమన్న తిండి లిస్టు పంపకండి, మా ఇంట్లో ఇప్పటికే ఏడు రకాలున్నాయి. ఆసుపత్రికి తోడు రమ్మంటే, వీలైతే వెళ్ళండి. అక్కడ టోకెన్ పట్టుకుని మూడు గంటలు ఒక్కరే కూర్చోవడం నొప్పి కంటే కష్టం.

వచ్చే నెల రెండో సోమవారం నేను మళ్ళీ రక్తం ఇవ్వాలి. పొద్దున రెండు పీరియడ్లూ పోతాయి. వ్యాకరణం నోట్స్ ఎవరైనా కొంచెం పెద్ద అక్షరాలతో రాసి ఉంచండి. నేను నెమ్మదిగా ఎక్కించుకుంటాను, వేళ్ళు వదిలాక.